బొంబాయిలో బర్రె

పోయిన నెల మా చిన్నమ్మ సుగుణ బొంబాయి నుంచి వచ్చి, చేతి సంచిలోంచి కడిగి ఆరబెట్టిన పాలకవరు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది. అందులో రెండు ఫోటోలు. రెండింటిలోనూ ఉన్నది ఆమె భర్త, మా నాన్న తమ్ముడు, చిన్నబాపు నర్సింలే. ఆయన పోయి ఏడాది కావస్తున్నది. సంవత్సరీకం సిద్దిపేటలో, ఆయన పుట్టిన ఇంట్లోనే చేయాలని ఆమె పట్టు. "రెండిట్ల ఒకటి పెద్దగ జేయించి అద్దం కట్టియ్యి పద్మా. ఏది మంచిగుంటదో నువ్వే జెప్పు. ఫోటోలు సూసుడుల నీ అంత తెలివి ఎవ్వలికున్నది?" అన్నది. ఆ ఆఖరు మాట మామూలుగా అన్నదో, నలభై ఏళ్లుగా కడుపులో దాచుకొని అన్నదో నాకు తెలియలేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, మాట వెనక మాట పట్టడం నాకు అలవాటే. చిన్నమ్మ ముఖంలో మాత్రం ఏమీ దొరకలేదు. ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాను. ఒకటి నేను నమ్మనిది. రెండోది నమ్మినట్టు ఊరుకున్నది.

అనుమానం మా ఇంట్లో జబ్బు కాదు, పద్ధతి. దాన్ని నడిపింది మా బాపమ్మ, అంటే మా నాన్నను, బాపును, కన్న తల్లి. పొద్దున పాలామె రాగానే ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేయించుకొని, జారుతుందా నిలుస్తుందా అని చూసేది. బెండకాయల కొసలు విరవనిదే కొనేది కాదు. చింతపండు తెస్తే ముద్దంతా విప్పి గింజల కోసం వెతికేది. గింజలు లేకపోతే ఎందుకు లేవని మళ్లీ అనుమానం. రేడియోలో వాన పడుతుందంటే వాకిట్లో ఆరేసిన మిరపకాయలు అట్లాగే ఉంచేది, పడదంటే అందరినీ పరుగెత్తించి ఎత్తించేది. నవ్వకండి, చాలాసార్లు ఆమె లెక్కే నిజమయ్యేది. మాది మగ్గాల ఇల్లు. ముందర గదిలో రెండు గుంట మగ్గాలు, వెనక వసారాలో నూలుకు పట్టే గంజి, ఇల్లంతా పులిసిన గంజి వాసన. బాపు ఒక మగ్గం మీద, చిన్నబాపు ఇంకొక మగ్గం మీద కూర్చుంటే నన్ను కన్న అవ్వ, చిన్నమ్మ నూలు కండెలు చుట్టేవాళ్లు. మగ్గం చప్పుడు ఆగిందంటే నూలు అయిపోయిందని అర్థం. ఆ రోజుల్లో ఆ చప్పుడు తరచుగా ఆగేది.

ఇక బొంబాయి సంగతి. బొంబాయి ఎట్లా ఉంటుందో సిద్దిపేటలో అందరికీ తెలుసు, ఎందుకంటే బస్టాండు వెనక సందులో ఖాదర్ సాబ్ ఫోటో స్టూడియో ఉండేది. ఆయన పరదాల మీద బొమ్మలు స్వయంగా వేసుకునేవాడు. ఒక పరదా మీద పూలతోట. ఇంకొక పరదా మీద బొంబాయి: సముద్రం, ఒడ్డు వెంట వరుసగా పెద్ద పెద్ద మేడలు, దీపస్తంభాలు, ఒక కారు. కొత్త జంటలు, పరీక్ష పాసైనవాళ్లు, దుబాయి పోయేవాళ్లు అందరూ ఆ సముద్రం ముందే నిలబడేవాళ్లు. రాయపోల్ నుంచి, జగదేవ్‌పూర్ నుంచి వచ్చిన రైతులు ధోతులు సర్దుకొని, చెప్పులు విడిచి, ఆ మేడల ముందు బిగుసుకొని నిలబడటం నేను కళ్లారా చూశాను. తాను బొంబాయి పోయి, ఒడ్డున నిలబడి చూసి వేశానని ఖాదర్ సాబ్ చెప్పుకునేవాడు. బాపమ్మ నమ్మేది కాదు. "గాయిన గజ్వేల్ దాటిండో లేదో" అనేది. ఆ పరదా ఆకాశంలో ఒక చోట ఎలుక కొరికితే ఖాదర్ సాబ్ భార్య అతుకు వేసింది. అతుకు కనబడకుండా ఆయన దాని మీద ఒక కొంగను గీశాడు. చిన్నబాపు పెండ్లప్పుడు ఇంటిల్లిపాదీ దిగిన ఫోటోలో ఆ కొంగ సరిగ్గా బాపమ్మ నెత్తి మీద ఎగురుతూ ఉంటుంది. ఆ ఫోటో మా ముందర గదిలో గోడకు ఉండేది.

పెండ్లయిన ఏడాదిలోపే చిన్నబాపు బొంబాయి బయలుదేరాడు. నూలు దొరక్క ఆయన మగ్గం మూలపడింది. మా వాడకట్టు నుంచి అప్పటికే నలుగురైదుగురు అక్కడ నూలుకు రంగులు వేసే కార్ఖానాల్లో పనికి కుదిరి ఉన్నారు. ఒక గది, మా మాటలో అర్ర, కిరాయికి దొరకగానే భార్యను తీసుకుపోతానన్నాడు. బాపమ్మ అడ్డం పడ్డది. "ఇల్లు సూడంది పిల్లనే ఇయ్యం. మరి ఇల్లు సూడంది కోడలిని ఎట్ల పంపుత?" అన్నది. మాలో సంబంధం ఖాయం చేసుకునే ముందు పెద్దమనుషులు నలుగురు పోయి అవతలివాళ్ల ఇల్లు, వాకిలి, నీళ్ల వసతి చూసి వచ్చే ఆచారం. బొంబాయి పోయి చూసి వచ్చేదెవరు? చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అర్ర దొరికినాక చిన్నబాపు ఆ జాగలోనే నిలబడి ఫోటో దిగి పంపాలి. బాపమ్మ ఆ ఫోటోలోనే ఇల్లు చూస్తుంది. మనసుకు నచ్చితే కోడలిని పంపుతుంది, లేకపోతే లేదు. చిన్నమ్మకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. చదువు రాదు. ఆ మర్నాటి నుంచి పోస్టుమాన్ వచ్చే వేళకు ఆమెకు వాకిట్లో ఏదో ఒక పని పడేది.

నాలుగు నెలలకు కవరు వచ్చింది. నేను తొమ్మిదో తరగతి. ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివినదాన్ని నేనే కాబట్టి కవరు చింపే హక్కు నాది. ఉత్తరం రెండు ముక్కలు: అర్ర దొరికింది, సుగుణను పంపండి. ఫోటో చేతులు మారింది. సముద్రం లేదు. మేడ లేదు. పెంకులు కప్పిన పొడుగాటి ఇల్లు, తలుపుకొక సంసారం, దండెం మీద ఆరేసిన చీరలు, వెనక ఒక గుట్ట. లుంగీ మీద నవ్వుతూ చిన్నబాపు. ఆయన పక్కన ఒక బర్రె. బర్రె పూర్తిగా కూడా లేదు, వెనక సగం, తోక మాత్రమే పడ్డాయి.

"గిదేం బొంబాయి?" అన్నది బాపమ్మ.

"గాడనే దిగిండటనే. రాసిండు గద" అన్నాడు బాపు.

"రాసెటోనికేంది, ఏమన్న రాస్తడు."

"కవరు మీద బొంబాయి ముద్ర ఉన్నది."

"లారీ నడిపెటోనికి ఇస్తె యాడ జెప్తె గాడ డబ్బల ఏసొస్తడు. ముద్ర జూసి మోసపోతమా?"

బాపు దగ్గర బట్టలో పోగులు చూసుకునే చిన్న భూతద్దం ఉండేది, మడిచి జేబులో పెట్టుకునేది. నేను దాన్ని అడిగి తీసుకొని ఫోటో మీద పెట్టి, ఒక కన్ను మూసి, పోగు పోగు చూసినట్టు చూశాను. ఒక తలుపు మీద చిన్న బోర్డు ఉంది. దాని మీద "సంఘం" అనే అక్షరాలు, మన తెలుగు అక్షరాలే. క్లాసులో జవాబు చెప్పినంత గర్వంగా చెప్పాను: "బాపమ్మా, గీడ తెలుగు రాత ఉన్నది. బొంబాయిల తెలుగు బోర్డు ఎందుకుంటది?" అంతటితో ఆగినా బాగుండేది. అద్దం దండెం మీదికి జరిపి, అక్కడ ఆరేసిన చీర అంచును కూడా పట్టుకున్నాను. తల మీద కుండ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ, గొల్లభామ. మా సిద్దిపేట మగ్గాల మీద తప్ప ఇంకెక్కడా నేయని బొమ్మ. అది కూడా చెప్పాను. బాపమ్మ లేచి నిలబడింది. "సూసిన్రా? బొంబాయి లేదు, గింబాయి లేదు. వీడు గీ చుట్టుముట్టు ఊళ్లెనే యాడ్నో కాపురం పెట్టిండు. ఇంకొకదానికి మన చీర గట్టవెట్టిండు" అన్నది. బాపు నసిగాడు. "పద్మ జెప్పిందంటె గంతే. అద్దం వెట్టి సూసింది" అని బాపమ్మ తేల్చేసింది. తలుపు దగ్గర నిలబడ్డ చిన్నమ్మ నా వైపు చూసింది. నేను అద్దం మడిచి బాపు చేతికిచ్చాను.

అన్న మనసు కదా, బాపు ఫోటో పట్టుకొని ఖాదర్ సాబ్ దగ్గరికి పోయాడు, పనికి పోయినవాళ్లెవరూ ఇంకా తిరిగి రాలేదు, బొంబాయి చూసి వచ్చిన మనిషి అప్పుడు ఊళ్లో ఆయనొక్కడే కాబట్టి. నేనూ వెంట ఉన్నాను. ఖాదర్ సాబ్ ఫోటోను వెలుగుకు పెట్టి చాలాసేపు చూసి, "బొంబాయిల బర్రెలు నేనైతె సూడలే భయ్" అన్నాడు. ఇక చెప్పేదేముంది. ఎదురింటి కండక్టరు ఆ గుట్టను చూసి, హుస్నాబాద్ దారిలో అచ్చం ఇట్లాంటిదే ఉందన్నాడు. బాపు మర్నాడు పొద్దున్నే హుస్నాబాద్ బస్సెక్కాడు. పగలంతా ఆ ఊళ్లో ఫోటో చూపించుకుంటూ తిరిగాడు. పత్తి బండ్ల దగ్గర, హోటళ్ల దగ్గర, గుట్ట కింద ఇళ్ల దగ్గర, "గీ మనిషిని సూసిన్రా, గీ బర్రెను సూసిన్రా" అని అడిగాడట. ఒకాయన ఆ బర్రె తమదేనని కూడా అన్నాడట. అనుమానం పెనుభూతం అంటారు. బొంబాయిలో ఉన్న తమ్ముణ్ని హుస్నాబాద్‌లో వెతికించింది అది. బాపు సాయంత్రం ఉత్త చేతులతో దిగాడు. బాపమ్మ మాత్రం, దొరకలేదంటే వాడు ఎంత బాగా దాక్కున్నాడో అర్థం చేసుకోమన్నది.

చిన్నబాపుకు జాబు నేనే రాశాను, బాపమ్మ చెబుతుంటే. బొంబాయి చూపించమంటే బర్రెను చూపిస్తావా అని. ఆయన మూడు పేజీల జవాబు రాశాడు. ఇక్కడ తబేలాలు, అంటే బర్రెల కొట్టాలున్నాయి, ఊరందరికీ పాలు వాటివే, మనవాళ్లు నలభై ఇళ్లవాళ్లున్నారు, వాళ్లదే ఆ సంఘం, ఆ చీర పక్కింటి పెద్దమ్మది అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని బాపమ్మ అన్నది. ఆ తరువాత ఆయన ఫోటోలు పంపడం మానేశాడు. చిన్నమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకు అనిపించేది. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, గంజి కాచి, కండెలు చుట్టేది. నాతో మాట్లాడటం మానలేదు, కాని నాకు జడ వేయడం మానేసింది. నేను అద్దం పెట్టి చూసింది తప్పని నాకు అప్పటికి తోచలేదు. ఆమె జడ వేయనందుకు మాత్రం చాలా బాధపడ్డాను. ఒకసారి బడి నుంచి వస్తుంటే ఆమె ఖాదర్ సాబ్ సందులోంచి బయటికి రావడం చూశాను. ఎక్కడికి పోయావంటే సూదుల కోసమన్నది. ఆ సందులో సూదులమ్మే దుకాణం లేదు. అదీ మనసులో పెట్టుకున్నాను.

అట్లా ఏడాదిన్నర పోయింది. ఒక రోజు బొంబాయి నుంచి గట్టి అట్ట పెట్టిన కవరు వచ్చింది. కోటు తొడుక్కొని, తల నున్నగా దువ్వుకొని చిన్నబాపు. వెనక సముద్రం, మేడలు, దీపస్తంభాలు, కారు. బాపమ్మ ముఖం వెలిగిపోయింది. "గిది బొంబాయి! ఖాదర్ సాబ్ పరదా మీద ఎట్లుందో గట్లనే లేదా? ఆయన సూసి ఏసిండంటె నేను నమ్మలే. పాపం, నిజంగనే సూసి ఏసిండు" అన్నది. ఊళ్లో అబద్ధాలన్నీ గోటి మీద చుక్క వేసి పట్టే మనిషి అట్లా అన్నది. ఆమె మనసులో ఉన్న బొంబాయి ఏ పరదా మీదిదో, ఆ బొంబాయే తిరిగి ఆమె చేతికొచ్చింది, నమ్మక ఏం చేస్తుంది? బాపు అద్దం తీసి నాకిచ్చాడు. "నువ్వు గూడ సూడు బిడ్డా" అన్నాడు. చూశాను. మేడల పైన ఆకాశంలో కొంగ. కొంగ రెక్కల మధ్య కుట్టు పోగులు, ఒకటి, రెండు, మూడు. తలెత్తితే గోడ మీద బాపమ్మ నెత్తి పైన అదే కొంగ.

అంటే చిన్నబాపు సిద్దిపేటకు వచ్చాడు. బస్టాండు వెనక సందు దాకా వచ్చి, ఫోటో దిగి, ఇంటి గడప తొక్కకుండా పోయాడు. బాపమ్మ అనుమానమే నిజం, ఈ చుట్టుపక్కలే ఉన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. చిన్నమ్మ కండెలు చుట్టడం ఆపి నన్ను చూస్తూ ఉంది. ఏడాదిన్నర కిందట తలుపు దగ్గర చూసిన చూపే. ఇప్పుడు చెబితే ఆమె జన్మలో ఈ ఇల్లు దాటదు. చెప్పకపోతే ఎవరో ఇంకొకతె ఉన్న కాపురంలోకి దిగుతుంది. ఆ రెండిట్లో ఏది ఆమెకు మేలో నాకు తెలియలేదు. "బొంబాయే" అన్నాను. అద్దం తిరిగి ఇచ్చేశాను. వారం తిరగకముందే బాపు ఆమెను, సెలవుకు వచ్చి బొంబాయి తిరిగిపోతున్న మా వాడకట్టు దంపతుల వెంట రైలెక్కించాడు. పోయే ముందు ఆమె నన్ను కూర్చోబెట్టి జడ వేసింది. మూడు నెలలు ఉత్తరం రాలేదు. ఆ మూడు నెలలు పోస్టుమాన్ వచ్చే వేళకు నాకు వాకిట్లో ఏదో ఒక పని పడేది.

తరువాత ఉత్తరాలు వచ్చాయి, పిల్లలు పుట్టారు, అంతా బాగానే నడిచింది. నేను టీచరునయ్యాక ఒక ఎండాకాలం సెలవుల్లో బొంబాయి పోయాను. రైలు దిగి, వాళ్లు చెప్పిన సందులోకి మళ్లగానే పేడ వాసన కొట్టింది. పెంకుల వరుస, సంఘం బోర్డు, గుట్ట, తబేలా. నలభై యాభై బర్రెలు నెమరు వేస్తూ నా దిక్కు చూశాయి. దూరపు కొండలు నునుపంటారు. మేం ఆ నునుపునే బొంబాయి అనుకున్నాం, గరుకుగా కనబడితే హుస్నాబాద్ అన్నాం. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అనుమానం చావలేదు. బర్రె నిజమే, మరి కొంగ సంగతేంది? సిద్దిపేటకు వచ్చి ఇంటికి రాకుండా ఎందుకు పోయాడు? చిన్నబాపు ఎప్పుడు వచ్చినా ఆయన ఎక్కడికి పోతున్నాడో, ఏ సందులో మళ్లుతున్నాడో కనిపెడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం నన్ను తెలివిగల బిడ్డ అనే పిలిచాడు. అడగలేక అడగలేక ఉండగానే ఆయన పోయాడు.

అందుకే మొన్న రెండు ఫోటోలు ముందర పెట్టుకొని, ఇక దాచలేక, "చిన్నమ్మా, గీ కొంగ నేను గప్పుడే సూసిన" అన్నాను.

"సూసినవని నాకెర్కనే" అన్నది. "అద్దం వట్టుకొని నోరు దెరిసినవు సూడు, నా పానం గాడనే ఆగింది."

అప్పుడు చెప్పింది. బర్రె ఫోటో మీద బొంబాయి కాదన్న మాట ఖాదర్ సాబ్ నోటి నుంచి కూడా వచ్చిందని తెలిసి, అడుగుదామని ఆమె ఒక్కతే స్టూడియోకు పోయిందట. ఆయన తల దించుకున్నాడట. "నేను బొంబాయి యాడ సూసిన బేటీ, క్యాలెండర్ సూసి ఏసిన. ఇన్నొద్దులు సూసిన అని చెప్పుకొని, గిప్పుడు సూడలేదని ఎట్ల ఒప్పుకోను?" అన్నాడట. మా ఇంట్లో రాసే చెయ్యి నాదొక్కటే, నన్ను ఆమె నమ్మలేదు. ఆమె చెబుతుంటే ఉత్తరం ఖాదర్ సాబే రాశాడు. రెండు మూడు రోజులు సెలవు పెట్టుకొని రా, మా అత్తమ్మకు ఏ బొంబాయి గావాల్నో గది గీడనే ఉన్నది, అని. చిన్నబాపు పొద్దున దిగి, కోటు ఖాదర్ సాబ్‌దే తొడుక్కొని ఫోటో దిగి, మధ్యాహ్నం బస్సుకు వెనక్కి పోయాడు. ఫోటో బొంబాయి నుంచి పోస్టు చేశాడు. ఖాదర్ సాబ్ తలుపు దగ్గరికేసి చాయ్ తాగొస్తానని పోతే, వాళ్లిద్దరూ ఆ పరదా వెనక కూర్చున్నారట.

"ఇంటికెందుకు రాలే?" అన్నాను.

"వస్తె మీ బాపమ్మ మల్ల పోనిస్తుండెనా? దొరికిండని మగ్గం మీద కూసోవెడ్తుండె. గాయిన గాడ కూసోని ఏడ్సిండు పద్మా. నిజం పంపితె నమ్మలే, గీ గుడ్డను నమ్ముతరా అని. మా అమ్మను గిట్ల మోసం జేస్తున్న అని."

అంతకంటే ఏమీ లేదు. నలభై ఏళ్లు నేను కనిపెట్టి కాపలా కాసింది, భార్యాభర్తలు ఒక గంట పరదా వెనక కూర్చున్న సంగతిని. చిన్నబాపు ముందర ఒక్కసారి తప్పు ఒప్పుకొని ఉండాల్సింది.

స్టూడియో ఇప్పుడు పెద్ద రోడ్డు మీద ఉంది, ఖాదర్ సాబ్ కొడుకు నడుపుతున్నాడు. పరదాలు లేవు, అంతా కంప్యూటరే. నేను బర్రె ఫోటో ఇచ్చాను. ఆయన పెద్దది చేసి తెర మీద చూపించి, "మేడం, గీ బర్రె తీసేస్త. ఎన్క మంచి సీ వ్యూ పెడ్త, ఐదు నిమిషాల పని" అన్నాడు. ఒకప్పుడు అబద్ధపు బొంబాయి ముందు నిలబడాలంటే మనిషి రెండు రోజులు రైలెక్కి రావలసి వచ్చింది. ఇప్పుడు పోయినవాణ్ని కూడా నిలబెడతారు. నేను జవాబు చెప్పేలోగా చిన్నమ్మ, "బర్రెను ముట్టకు బిడ్డా" అన్నది.

సంవత్సరీకం నాడు ఫోటోకు దండ వేసి ముందర గదిలో పెట్టాం. హుస్నాబాద్ నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన కళ్లజోడు సర్దుకొని చాలాసేపు చూశాడు. "గిదే ఊరు? మా దిక్కు లెక్కనే ఉన్నది" అన్నాడు.

"బొంబాయి" అన్నాను.

"బొంబాయిల బర్రెలెక్కడియి?"

"ఉంటయి. గాడ మనోళ్లు గూడ ఉంటరు."

ఆయన నమ్మలేదు. నన్ను వదిలి చిన్నమ్మ దిక్కు తిరిగి, "నిజమేనా సుగుణా?" అని అడిగాడు. చిన్నమ్మ విస్తర్లు తుడుస్తూ తల కూడా ఎత్తలేదు.

"పద్మ జెప్పిందంటె గంతే" అన్నది. "అద్దం వెట్టి సూసింది."